పిల్లల ఒంటి మీద మచ్చలు, పొక్కులు, దురద: ట్యూబు మూత తీసే ముందు చూడాల్సినవి

స్కిన్_డాక్
పిల్లల చర్మం గురించి విడివిడిగా వస్తున్న ప్రశ్నలన్నీ ఒకచోట ఉంటే వెతుక్కునేవాళ్ళకి తేలిక అని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

ముందు ఒక విషయం తేల్చేద్దాం. ఏ మచ్చ కనిపించినా ఇంట్లో పడున్న కలగలుపు క్రీము రాసేయడం. ఆ ట్యూబు వెనక చిన్నక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేరొకటి, క్లోట్రిమజోల్ లేదా మైకొనజోల్ ఒకటి, నియోమైసిన్ లేదా జెంటామైసిన్ ఒకటి ఉంటాయి. అంటే స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ ఒకే గొట్టంలో. రెండ్రోజుల్లో ఎరుపూ దురదా తగ్గుతాయి కాబట్టి మందు పనిచేసిందనుకుంటాం. తగ్గించింది స్టెరాయిడ్. అది తామర (ఫంగస్ వల్ల వచ్చే గుండ్రటి మచ్చ) అయితే, ఫంగస్‌ని అడ్డుకోవాల్సిన ఒంటి రక్షణని కూడా అదే అణిచేస్తుంది. రాయడం ఆపిన వారానికి మచ్చ రెండింతలై తిరిగొస్తుంది. ఈసారి అంచు చెదిరిపోయి, ఏ జబ్బో డాక్టరు కూడా చూడగానే చెప్పలేని రూపంలో ఉంటుంది.

అడిగేటప్పుడు ఇవి రాయండి: పిల్లల వయసు, ఏడాదిలోపు అయితే నెలల్లో, మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎక్కడ అసలు లేవు, దురద రాత్రి ఎక్కువా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఇప్పటిదాకా ఏం రాశారు, ఎన్నాళ్ళు. పిల్లల ఫొటోలు మాత్రం ఇక్కడ పెట్టకండి.

అర్ధరాత్రి_దురద
వయసు మూడేళ్ళు. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న చిన్న పొక్కులు. పగలు బాగానే ఉంటుంది, పడుకోగానే గీరుడు మొదలు. నాకూ చేతుల మీద దురద. పర్మెత్రిన్ ఒకసారి రాశాం, తగ్గలేదు. మందు పనిచేయనట్టేనా?

పిల్లలవార్డు_సిస్టర్
మీరు చెప్పిన చోట్లు, రాత్రి దురద, ఇంట్లో ఇంకొకరికి ఉండటం చూస్తే గజ్జి అనే అనుకోవాలి. ఏడాదిలోపు పిల్లల్లో అయితే అరచేతులు, అరికాళ్ళు, తల మీద కూడా వస్తాయి. పెద్దల్లో ఆ చోట్ల అరుదు కాబట్టి చాలామంది ఇది గజ్జి కాదనుకుని వదిలేస్తారు.

పర్మెత్రిన్ 5% క్రీము మంచి మందే. గురి తప్పేది రాసే పద్ధతిలో.

వేడినీళ్ళ స్నానం చేయించి వెంటనే రాయకూడదు. ఒళ్ళు చల్లబడి, పొడిగా ఉండాలి. పొక్కులున్న చోటే అద్దడం కాదు, మెడ నుంచి కాలి వేళ్ళ దాకా అంగుళం వదలకుండా పట్టించాలి. రెండేళ్ళలోపు పిల్లలకి ముఖం, చెవులు, తల కూడా. కళ్ళ చుట్టూ, నోటి చుట్టూ మాత్రం వదిలేయాలి. మర్చిపోయే చోట్లు ఇవి: వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు లోపల, చంకలు, పిరుదుల మధ్య, మర్మాంగాలు, అరికాళ్ళు. ముందే గోళ్ళు కత్తిరించి, గోళ్ళ కిందికి మెత్తటి బ్రష్‌తో పట్టించండి. 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, అందుకే రాత్రిపూట తేలిక. మధ్యలో చేతులు కడిగితే చేతులకి మళ్ళీ రాయాలి. వేళ్ళు నోట్లో పెట్టుకునే వయసైతే చేతులకి పలచటి సాక్సు తొడగండి.

ఎంత రాయాలంటే, 30 గ్రాముల ట్యూబు లెక్కన 2 నెలల నుంచి ఏడాది దాకా ఎనిమిదో వంతు, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా పావు, ఆరు నుంచి పన్నెండేళ్ళ దాకా సగం, ఆపైన ఒక ట్యూబు. ఇవి సుమారు లెక్కలు. 2 నెలలలోపు పసివాళ్ళకి సొంతంగా వద్దు, వాళ్ళకి డాక్టర్లు గంధకం ఆయింట్‌మెంట్ లాంటివి చూసి ఇస్తారు.

సరిగ్గా వారం తర్వాత రెండోసారి రాయాలి. గజ్జి వచ్చేది చర్మంలో దూరే సన్నటి పురుగు వల్ల, మొదటిసారి దాని గుడ్లన్నీ చావవు, అందుకు. మీరు ఒక్కసారే రాశారు, కాబట్టి ఇంకా వైద్యం పూర్తి కాలేదు.

స్కిన్_డాక్
సిస్టర్ గారు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతా.

మొదటిది: పురుగులన్నీ చచ్చినా దురద 2 నుంచి 4 వారాలు ఉంటుంది. దురద పురుగు కరవడం వల్ల కాదు, దాని మీద, దాని మలం మీద ఒంటికి పుట్టిన ఎలర్జీ వల్ల. చచ్చిన పురుగులు చర్మం పై పొరతో పాటు రాలిపోయేదాకా అది తగ్గదు. ఈ సంగతి తెలియక రోజూ పర్మెత్రిన్ పూస్తే చర్మం మండి కొత్త దురద మొదలవుతుంది. రెండు పూతల తర్వాత మాయిశ్చరైజర్ చాలు, మరీ ఎక్కువైతే డాక్టరు చెప్పిన స్టెరాయిడ్ కొద్దిరోజులు. *కొత్త* పొక్కులు, సన్నటి గీతల్లాంటి సొరంగాలు పుడుతుంటేనే మందు పనిచేయలేదని అర్థం. చంకల్లో, మర్మాంగాల దగ్గర గట్టి బుడిపెలు మిగిలితే అవి నెలల తరబడి ఉండొచ్చు, అంతమాత్రాన పురుగు బతికున్నట్టు కాదు.

రెండోది: ఇంట్లో అందరూ అదే రాత్రి రాసుకోవాలి. దురద లేనివాళ్ళు కూడా. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఆ లోపే వాళ్ళు ఇంకొకరికి అంటించేస్తారు. పాపకి ఈ వారం, నాన్నకి వచ్చేవారం అంటే ఆ ఇంట్లో గజ్జి తిరుగుతూనే ఉంటుంది.

నీలాంబరి
దుప్పట్లు, బొమ్మలు, సోఫా అన్నీ ఏదైనా మందు కొట్టి శుభ్రం చేయాలా?

పిల్లలవార్డు_సిస్టర్
అక్కర్లేదండి. ఒంటి నుంచి విడిపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు. గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్ళు పూత కడిగేసిన ఉదయం 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి. ఉతకలేనివి, మెత్తటి బొమ్మల్లాంటివి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వారం పక్కన పడేయండి. పిల్లి, కుక్క వల్ల ఇది ఇంట్లో నిలవదు, వాటికి వచ్చేది వేరే రకం.

బడి_టీచరమ్మ
తరగతిలో ఒక పిల్లవాడి బుగ్గన గుండ్రటి మచ్చ కనిపిస్తే పక్కన ఎవరూ కూర్చోనంటున్నారు. గుండ్రంగా ఉంటే తామరేనా?

ఫార్మసీ_డెస్క్
కాదు టీచర్ గారు. గుండ్రటివన్నీ తామర కావు.

తామరకి అంచు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా, పొట్టుతో ఉంటుంది. నడుమ మానుతున్నట్టు తేటగా ఉంటుంది. వారాల్లో బయటికి జరుగుతూ పెద్దదవుతుంది. నాణెం ఆకారపు ఎగ్జిమా (ఫంగస్ కాదు, చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) అయితే నడుమ తేట ఉండదు, మచ్చంతా ఒకేలా పొట్టు, లేదా నీరు కారడం, తరచూ రెండు కాళ్ళకీ ఉంటుంది. ముఖం మీద లేతగా, అంచు తెలియకుండా, సన్నటి పొట్టుతో తెల్లబారిన మచ్చ అయితే అది అసలు అంటేదే కాదు. దాని గురించి డాక్టరు గారు చెప్తారు.

తామరకి క్లోట్రిమజోల్ 1% అయితే రోజుకి రెండుసార్లు, టెర్బినఫిన్ 1% అయితే ఒకటి రెండుసార్లు. మచ్చ అంచు దాటి బయటికి 2 సెంటీమీటర్ల దాకా రాయాలి, ఎందుకంటే ఫంగస్ కంటికి కనిపించే అంచు కంటే ముందుంటుంది. మొత్తం 2 నుంచి 4 వారాలు పడుతుంది. మచ్చ కనబడకుండా పోయాక ఇంకో వారం పది రోజులు రాయాలి. ఎక్కువమంది వారంలో తగ్గిందని ఆపేస్తారు, అందుకే తిరగబెడుతుంది. రాశాక చేతులు కడుక్కోవాలి, ఆ తువ్వాలు ఇంకొకరు వాడకూడదు. మందు మొదలుపెట్టి మచ్చని బట్టతో కప్పితే బడి మాన్పించక్కర్లేదు.

స్కిన్_డాక్
తల మీద తామర మాత్రం పూత మందుతో పోదు. ఫంగస్ వెంట్రుక లోపల, కుదురు దాకా ఉంటుంది, క్రీము అక్కడికి చేరదు. జుట్టు ఒక్కచోట రాలి, పొట్టు లేదా నల్లటి చుక్కల్లా తెగిన వెంట్రుకలు కనిపిస్తే నోటి మందు కావాల్సిందే. గ్రిసియోఫల్విన్ అయితే కనీసం 6 నుంచి 8 వారాలు, పాలతోనో కొవ్వున్న తిండితోనో ఇస్తేనే ఒంటికి పడుతుంది. ఖాళీ కడుపున ఇస్తే సగం మందు వృథా. టెర్బినఫిన్ మాత్రలు కూడా వాడతారు. ఏది, ఎంత అన్నది ఫంగస్ రకం, పిల్లల బరువు చూసి డాక్టరు చెప్పాలి. దీనితో పాటు కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు. నురుగు 5 నిమిషాలు ఉంచి కడగాలి. అది జబ్బుని నయం చేయదు, ఇతరులకి అంటడం తగ్గిస్తుంది. ఇంట్లో మిగతా పిల్లలూ అదే షాంపూ వాడితే మంచిది. గుండు చేయించాల్సిన పనిలేదు. దువ్వెనలు, టోపీలు వేరుగా పెట్టండి.

జుట్టు ఊడిన చోట నున్నగా మెరుస్తూ, పొట్టు అసలు లేకపోతే అది పేనుకొరుకుడు. ఫంగస్ మందు దానికి దండగ.

ఇంకొకటుంది. తల మీద మెత్తగా, చీముతో ఉబ్బిన గడ్డ వస్తే సెగ్గడ్డ అనుకుని కోయించడం జరుగుతుంది. తల తామర ముదిరితే కూడా అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని కోయకూడదు. ఆలస్యమైతే మచ్చపడి అక్కడ మళ్ళీ జుట్టు రాకపోవచ్చు కాబట్టి త్వరగా చూపించాలి.

టీచర్ గారు అడిగిన ముఖం మీది తెల్లమచ్చల సంగతి. ఎక్కువగా 3 నుంచి 16 ఏళ్ళ మధ్య పిల్లలకి బుగ్గల మీద వస్తాయి. పొడిచర్మం, ఎగ్జిమా గుణం ఉన్నవాళ్ళకి ఎక్కువ. కడుపులో నులిపురుగుల వల్ల, కాల్షియం తక్కువై వస్తాయనేది వట్టి మాట; నులిపురుగుల మందు వేస్తే ఇవి పోవు. మాయిశ్చరైజర్ రోజుకి రెండుసార్లు, ఎండలోకి వెళ్ళేటప్పుడు సన్‌స్క్రీన్. చుట్టూ చర్మం ఎండకి నల్లబడితే మచ్చ ఎక్కువగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అందుకు. రంగు కలవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే. పాలలా తెల్లగా, గీత గీసినట్టు అంచుతో ఉంటే బొల్లి కావచ్చు. మచ్చలో స్పర్శ తక్కువగా ఉందనిపిస్తే ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకుండా కుష్ఠు పరీక్షకి తీసుకెళ్ళండి, మందుతో పూర్తిగా నయమవుతుంది.

ఇద్దరు_గడుగ్గాయిలు
ఎగ్జిమాకి వద్దాం. ఒక డాక్టరు స్టెరాయిడ్ క్రీము రాసిచ్చారు. పైన డాక్ గారేమో స్టెరాయిడే పాడు చేస్తుందంటున్నారు. రాయాలా, మానాలా? చర్మం పలచబడుతుందని భయం.

స్కిన్_డాక్
మంచి ప్రశ్న. తామర మీద స్టెరాయిడ్ ఎంత తప్పో, ఎగ్జిమా మంట మీద స్టెరాయిడ్ రాయకపోవడం అంత తప్పు. నేను చెప్పింది జబ్బు తెలియకుండా రాసే గట్టి స్టెరాయిడ్ గురించి. ఎగ్జిమా అని తేలాక, వయసుకీ చోటుకీ తగిన బలం ఉన్నది, తగినన్ని రోజులు రాస్తే చర్మం పలచబడదు. పలచబడేది గట్టి మందుని నెలల తరబడి, ముఖం మీద, మడతల్లో, డైపర్ కింద రాస్తే.

భయంతో జరిగేది ఏంటంటే, అగ్గిపుల్ల తలంత తీసి, రెండ్రోజులు రాసి, ఎరుపు కాస్త తగ్గగానే ఆపేస్తారు. లోపల మంట చల్లారదు. నాలుగో రోజుకి మళ్ళీ. ఇలా ఏడాదంతా అరకొరగా రాసిన మొత్తం, ఒక్కసారి సరిగ్గా రాసిన దానికంటే ఎక్కువవుతుంది.

సాధారణంగా ముఖానికి హైడ్రోకార్టిసోన్ 1% లాంటి తేలికది 3 నుంచి 5 రోజులు. ఒంటికి డాక్టరు చెప్పినది 7 నుంచి 14 రోజులు. రోజుకి ఒకటి, మహా అయితే రెండుసార్లు. ఎప్పుడు ఆపాలో కంటితో కాదు, వేలితో చూడండి. కళ్ళు మూసుకుని ఆ చోటుని తడిమితే గరుకు తగలకూడదు. గరుకు ఉన్నంతవరకూ మంట లోపల ఉన్నట్టే.

ఫార్మసీ_డెస్క్
ఎంత రాయాలో కొలత చెప్తాను, ఎందుకంటే ప్రిస్క్రిప్షన్ మీద "పలచగా రాయండి" అని ఉంటుంది, దానికి ఎవరి అర్థం వాళ్ళది.

పెద్దవాళ్ళ చూపుడువేలి మీద, కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నొక్కితే వచ్చే పట్టీ ఒక వేలికొస కొలత. సుమారు అర గ్రాము. పెద్దవాళ్ళ రెండు అరచేతుల వెడల్పు చర్మానికి అది సరిపోతుంది, వేళ్ళతో కలిపి. కొలిచేది పెద్దవాళ్ళ వేలు, పిల్లలది కాదు.

3–6 నెలల పాపకి ముఖం, మెడ కలిపి 1. ఒక చెయ్యి 1. ఒక కాలు 1½. ఛాతీ పొట్ట కలిపి 1. వీపు పిరుదులు 1½.
1–2 ఏళ్ళకి అదే వరసలో 1½, 1½, 2, 2, 3.
3–5 ఏళ్ళకి 1½, 2, 3, 3, 3½.
6–10 ఏళ్ళకి 2, 2½, 4½, 3½, 5.

ఆ చోటంతా ఎగ్జిమా ఉంటేనే ఈ కొలత, కొంతే ఉంటే ఆ మేరకు తగ్గించాలి. మాయిశ్చరైజర్‌కి ఇలాంటి పరిమితి లేదు. ఒళ్ళంతా పొడిబారిన పిల్లలకి వారానికి 250 నుంచి 500 గ్రాములు పడుతుంది. 50 గ్రాముల ట్యూబు నెల వచ్చిందంటే రాయాల్సినంత రాయలేదన్నమాటే.

నీలాంబరి
మాయిశ్చరైజర్ ముందా, స్టెరాయిడ్ ముందా? ఒకరొకలా చెప్తున్నారు.

పిల్లలవార్డు_సిస్టర్
మా దగ్గర మాయిశ్చరైజర్ ముందు రాయమని చెప్తాం. అది ఇంకాక స్టెరాయిడ్.

స్కిన్_డాక్
వరస గురించి నేను పట్టుబట్టను. వెంటవెంటనే ఒకదాని మీద ఒకటి పూస్తే మందు పలచబడి, లేనిచోటికి కూడా పాకుతుంది. మధ్య 20–30 నిమిషాలు ఎడం ఉంటే ఏది ముందైనా సరే. ఆ ఎడం పాటించే ఓపిక లేని ఇంట్లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని విడగొట్టుకోవడం మేలు.

స్నానం సంగతి కూడా ఇక్కడే. రోజూ చేయించొచ్చు, చేయిస్తే మంచిది. గోరువెచ్చటి నీళ్ళు, 5 నుంచి 10 నిమిషాలు. నురుగొచ్చే సబ్బు వద్దు, సువాసన లేని క్లెన్సర్ చాలు, అదీ మురికి చోట్లకే. గరుకు పీచు ముట్టొద్దు. తువ్వాలుతో అద్ది, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల్లో మాయిశ్చరైజర్. వెంట్రుకలు మొలిచిన దిశలో కిందికి రాయండి. ఎదురు రుద్దితే కుదుళ్ళు మూసుకుని చీముపొక్కులొస్తాయి. ఆలివ్ నూనె వద్దు, అది చర్మం పై పొరని ఇంకా బలహీనం చేస్తుంది.

చంటిపిల్లల్లో ఎగ్జిమా బుగ్గలు, నుదురు, కాళ్ళూ చేతుల బయటివైపు వస్తుంది. రెండేళ్ళు దాటాక మోచేతి మడత, మోకాలి వెనక. డైపర్ కింద తేమగా ఉంటుంది కాబట్టి అక్కడ దాదాపు రాదు. ఒళ్ళంతా ఉండి డైపర్ చోటు తేటగా ఉంటే ఎగ్జిమా అనడానికి అదొక గట్టి గుర్తు.

ఇద్దరు_గడుగ్గాయిలు
తిండి మానిపించాలా? పాలు, గుడ్లు?

స్కిన్_డాక్
ఊహించి మానిపించకండి. ఎదిగే వయసులో నష్టం ఎక్కువ. పైగా కొన్నాళ్ళు మానేసి మళ్ళీ పెడితే అప్పుడు నిజమైన ఎలర్జీ బయటపడే ప్రమాదం కూడా ఉంది. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లో దద్దుర్లు, వాంతి, పెదవుల వాపు వస్తుంటే అది పరీక్ష చేయించాల్సిన విషయం.

బడి_టీచరమ్మ
ముక్కు కింద, పెదవి పక్కన తేనె రంగు పెచ్చుతో పుండ్లు. ఒకరి నుంచి ఇంకొకరికి వచ్చేస్తున్నాయి.

పిల్లలవార్డు_సిస్టర్
అది ఇంపెటిగో, బాక్టీరియా వల్ల వచ్చేది. పెచ్చు మీద మందు రాస్తే కిందికి దిగదు. శుభ్రమైన గుడ్డని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి 10 నిమిషాలు పుండు మీద ఉంచండి. పెచ్చు నానాక మెల్లగా తుడిస్తే వస్తుంది, పీకకూడదు. ఆ తర్వాత మ్యూపిరోసిన్ 2% రోజుకి మూడుసార్లు, 5 రోజులు. రెండు మూడు పుండ్లయితే ఇది చాలు. చాలాచోట్ల ఉన్నా, పెద్ద నీటిబుడగలు లేచినా, జ్వరం ఉన్నా నోటి యాంటీబయోటిక్ కావాలి. మందు మొదలుపెట్టి 48 గంటలు గడిచేదాకానో, పుండ్లన్నీ ఎండి పెచ్చుకట్టేదాకానో బడికి పంపొద్దు.

పెచ్చుల పుండ్లు మాటిమాటికీ వస్తుంటే వేళ్ళ సందులు చూడండి. కింద గజ్జి ఉండి, గీరుడు వల్ల పైన ఇది చేరుతుంది. గజ్జి పోకుండా ఎన్ని యాంటీబయోటిక్‌లు వాడినా లాభం లేదు.

స్కిన్_డాక్
పుండ్లు మానాక కూడా కొన్ని వారాలు ఒక కన్నేసి ఉంచండి. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చిన పుండ్లయితే సుమారు మూడు వారాల తర్వాత కిడ్నీ వాపు రావచ్చు. పొద్దున లేవగానే కళ్ళ కింద వాపు, మూత్రం తక్కువగా, ముదురు గోధుమ రంగులో రావడం కనిపిస్తే అదే రోజు చూపించాలి. అరుదే, కానీ పుండ్లు మానిపోయి ఉంటాయి కాబట్టి ఎవరూ రెండింటినీ కలిపి ఆలోచించరు.

నీలాంబరి
ఏడు నెలల బాబు. డైపర్ కింద ఎర్రగా ఒరిసిపోయింది. పౌడర్ వేస్తున్నాం, తగ్గట్లేదు.

పిల్లలవార్డు_సిస్టర్
పౌడర్ ఆపేయండి. తడికి ఉండకట్టి ఇంకా ఒరుస్తుంది, గాల్లో లేచింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గజ్జల మడతలు విప్పి చూడండి. మడత లోపల తేటగా ఉండి, డైపర్ తగిలే ఉబ్బెత్తు చోట్లే ఎర్రగా ఉంటే మలమూత్రాల వల్ల వచ్చిన మంట. మడతల్లో కూడా ముదురు ఎరుపు, చుట్టూ విడివిడిగా చిన్న చుక్కలు ఉంటే కాండిడా ఫంగస్. దానికి క్లోట్రిమజోల్ రోజుకి రెండు మూడుసార్లు, దాని మీద జింక్ పేస్టు. మూడు రోజులు దాటిన ఒరుపు మీద తరచూ ఫంగస్ చేరుతుంది.

జింక్ ఆక్సైడ్ పేస్టు పలచగా రుద్దితే పనిచేయదు. గోడకి సున్నం కొట్టినట్టు చర్మం కనబడకుండా మందంగా పట్టించాలి. మళ్ళీ మార్చేటప్పుడు పైన మలం అంటిన పొరని మాత్రమే తుడవండి, కింద శుభ్రంగా ఉన్న పేస్టుని అలాగే ఉంచి పైన ఇంకాస్త వేయండి. మొత్తం గీకి కడగడం వల్లే సగం ఒరుపులు మానవు. రెండు మూడు గంటలకోసారి డైపర్ మార్చడం, మలవిసర్జన అయితే వెంటనే. తుడవడానికి నీళ్ళు, దూది. రోజుకి కొన్నిసార్లు డైపర్ లేకుండా గాలికి వదిలేయండి.

ఫార్మసీ_డెస్క్
మొదటి పోస్టులో చెప్పిన కలగలుపు క్రీముల వల్ల ఎక్కువ హాని జరిగేది ఇక్కడే. డైపర్ మూతలా పనిచేసి మందుని లోపలికి నెడుతుంది. గట్టి స్టెరాయిడ్ అక్కడ రాస్తే రక్తంలోకి కూడా చేరుతుంది.

అర్ధరాత్రి_దురద
చెమటకాయలకి ఏం రాయాలి?

పిల్లలవార్డు_సిస్టర్
రాయడం తగ్గించాలి. నూనె, చిక్కటి లోషన్లు చెమట రంధ్రాలని మూసేస్తాయి. ఒక పొర నూలు బట్ట, గాలి, చల్లనీళ్ళ గుడ్డతో అద్దడం. దురద ఉంటే కాలమైన్. రెండు మూడు రోజుల్లో అణుగుతాయి.

ఇద్దరు_గడుగ్గాయిలు
పొట్ట మీద ముత్యాల్లా చిన్న బొడిపెలు, ఒక్కోదాని నడుమ చిన్న గుంట. గిల్లితే తెల్లటిది వస్తోంది.

స్కిన్_డాక్
గిల్లకండి. మొలస్కం అనే వైరస్ బొడిపెలు. గిల్లిన గోటితోనే పక్కకి పాకుతాయి. ఎక్కువమందికి 6 నుంచి 18 నెలల్లో వాటంతటవే పోతాయి, కొందరికి ఇంకా పడుతుంది. పోయే ముందు ఎర్రబడి వాచడం మామూలే, దాన్ని చూసి యాంటీబయోటిక్ మొదలుపెట్టక్కర్లేదు. తువ్వాలు వేరు, బొడిపెలు బట్టతో కప్పి ఉంచడం, చుట్టూ చర్మం పొడిబారకుండా మాయిశ్చరైజర్. బడి, ఈత మాన్పించొద్దు. కనురెప్ప మీద వస్తే మాత్రం కంటి డాక్టరుకి చూపించండి.

బడి_టీచరమ్మ
ఇంట్లో ఆగకుండా వెంటనే తీసుకెళ్ళాల్సినవి ఏవి? ఒకచోట ఉంటే తల్లిదండ్రులకి చెప్పగలను.

స్కిన్_డాక్
జ్వరంతో పాటు ఎర్రటి, ఊదా రంగు చుక్కలు. గాజుగ్లాసు అదిమి చూస్తే చుక్క మాయం కాకపోతే క్షణం ఆగకండి. చామనఛాయ, నల్లటి చర్మం మీద తేడా తెలియదు కాబట్టి అరచేతులు, అరికాళ్ళు, కంటి రెప్ప లోపల, నోట్లో చూడాలి.

ఎగ్జిమా ఉన్న పిల్లలకి హఠాత్తుగా ఒకే సైజు నీటిపొక్కులు గుంపుగా లేచి, చిట్లి గుండ్రటి పుండ్లయి, నొప్పి, జ్వరం ఉంటే హెర్పిస్ వైరస్ చేరినట్టు. దాని మీద స్టెరాయిడ్ రాయకుండా ఆసుపత్రికి.

దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక వాపు, గొంతు బొంగురు, ఆయాసం.

కొత్త మందు మొదలుపెట్టాక నోట్లో, కళ్ళల్లో పుండ్లు, చర్మం పొరలుగా ఊడటం. ఆ మందు ఆపి, దాని అట్ట చేత్తో పట్టుకుని వెళ్ళండి.

నెలలోపు పసిబిడ్డకి నీటిబుడగలు, లేదా జ్వరం.

అయిదు రోజులైనా తగ్గని జ్వరం, కళ్ళు ఎర్రబడటం, పెదవులు పగలడం, అరచేతులు అరికాళ్ళు ఎర్రగా వాయడం. ఇది చర్మంలో కనిపించినా గుండె రక్తనాళాలకి హాని చేసే కవాసాకి జబ్బు కావచ్చు.

ఫార్మసీ_డెస్క్
ఆటలమ్మ వచ్చిన పిల్లలకి జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, బరువుని బట్టి. ఆస్పిరిన్ వద్దే వద్దు, మెదడునీ కాలేయాన్నీ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ రావచ్చు. ఐబుప్రొఫెన్ కూడా ఆ సమయంలో వద్దు.

నీలాంబరి
ఇంకొక చిన్న సందేహం. పెద్ద డబ్బాలో మాయిశ్చరైజర్ కొంటే చివరికొచ్చేసరికి చర్మం మీద చీముపొక్కులొస్తున్నాయి. పాడైపోతుందా?

ఫార్మసీ_డెస్క్
రోజూ వేళ్ళు ముంచి తీస్తుంటే చర్మం మీది బాక్టీరియా డబ్బాలోకి చేరుతుంది, అదే మళ్ళీ ఒంటికి. శుభ్రమైన పొడి చెంచాతో ఆ పూటకి కావాల్సినంత గిన్నెలోకి తీసుకుని రాయండి, మిగిలితే డబ్బాలో వెనక్కి వేయకండి. ఎగ్జిమాకి చీము పట్టి మానాక పాత డబ్బా పారేసి కొత్తది తెరవాలి. పంపు ఉన్న సీసా అయితే ఈ బాధ ఉండదు. ఇంకొకటి, పారాఫిన్ ఉన్న రకమైతే అది పట్టిన బట్టలకి, దుప్పట్లకి నిప్పు తొందరగా అంటుకుంటుంది, ఉతికినా పూర్తిగా పోదు. రాసిన పిల్లల్ని పొయ్యి దగ్గరికి, సిగరెట్ వెలిగించేవాళ్ళ దగ్గరికి రానివ్వకండి.